రాక్షసుడి కోటు

మా నాన్న కత్తెర పట్టడం మానేసిన ఏడాది వానలు ముందుగానే మొదలయ్యాయి. వానలో దర్జీ కొట్టుకి ఎవరొస్తారు? ఎవరూ రాకపోతే ఆయన కత్తెర పట్టడం లేదన్న సంగతీ ఎవరికీ తెలియదు కదా అని మేమంతా లోలోపల ఊపిరి పీల్చుకున్నాం. గిరాకీ లేనందుకు సంతోషించిన కొట్టు ఊరు మొత్తం మీద మాదొక్కటే అయుంటుంది.

కింద కొట్టు, పైన ఇల్లు. కొట్టు నడిమధ్యలో కటింగ్ బల్ల. నాన్న దాని ముందు నిలబడి కత్తిరించేవాడు. అన్నయ్యా వదినా చెరో మిషను మీదా కుట్టేవాళ్ళు. నాన్న చెల్లెలు, అంటే మా అత్త, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని కాజాలు తీసి గుండీలు కుట్టేది, దారంతో పాటు వీధిలో వాళ్ళందరి కబుర్లూ సూదిలోకి ఎక్కించేది. ఆ పని అంటని దాన్ని నేనొక్కదాన్నే. హాస్టల్లో ఉండి చదువుకుని, ఆఖరి పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఎదురు చూస్తూ ఇంటికి చేరాను.

నేను వచ్చేసరికే జరగాల్సింది జరిగిపోయింది. ఒక లెక్కల మాస్టారు కోటు గుడ్డ తెచ్చాడట. వాళ్ళ నాన్న ఎప్పుడో మోజుపడి కొనుక్కుని, కుట్టించుకోకుండానే పోయిన గుడ్డ. ఒక పక్కే నిగనిగలాడే రకం, అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదు. మామూలుగా గుడ్డని మడతపెట్టి రెండు చేతులూ ఒకేసారి కత్తిరిస్తారు. గుడ్డ చాలకపోవడంతో నాన్న ఒక్కో చెయ్యీ విడిగా కత్తిరించాల్సి వచ్చింది. రెండోసారి నమూనా కాగితాన్ని బోర్లా తిప్పడం మరిచిపోయాడు. కోటుకి రెండూ ఎడమ చేతులే తేలాయి. అతుకు వేద్దామంటే జానెడు ముక్క మిగల్లేదు.

మాస్టారు పల్లెత్తు మాట అనలేదు. "పర్వాలేదులెండి" అని ముక్కలన్నీ మడిచి సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదే, ఆ పర్వాలేదులెండి అన్నదే మీ నాన్నని తినేసింది అనేది అత్త. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కత్తెర పడితే పడ్డట్టే అని చిన్నప్పటి నుంచీ మా అందరికీ నూరిపోసింది నాన్నే. ఆ రోజు కత్తెరని మేకుకి తగిలించి అత్త పక్కన ఇంకో కుర్చీ వేసుకున్నాడు. ఇక అక్కణ్ణుంచి గుండీలు కుట్టడమే. ఎవరైనా గుడ్డ తెస్తే, వానలు తగ్గాక రండి అని పంపించేసేవాడు.

పోనీ అన్నయ్య కత్తిరిద్దామంటే వాడికి కుట్టడమే వచ్చు. నేర్పమని అడిగినప్పుడల్లా, ముందు చెయ్యి కుదరనీరా అంటూ నాన్న దాటేస్తూ వచ్చాడు. ఊరి బయట రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో సూపర్వైజరు ఉద్యోగం ఉంది, వానాకాలం వెళ్ళేలోగా నాన్న కత్తెర పట్టకపోతే కొట్టు ఖాళీ చేసి అందులో చేరిపోవడమే అని అన్నయ్య వదినతో అన్నాడు. వదిన నాతో అంది. నేను అత్తతో అన్నాను. నాన్నతో మాత్రం ఎవరూ అనలేదు. మా ఇంట్లో అసలు మాట అసలు మనిషికి చేరడం ఎప్పుడూ లేదు.

హాస్టల్లో మేం ఒక ఆట ఆడేవాళ్ళం. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు అందులో తలా ఒక పాత్ర తీసుకుంటారు. కత్తివీరుడో, మంత్రగత్తో, దొంగో, ఎవరిష్టం వాళ్ళది. ఎదురుగా గుహ ఉంది, లోపల్నుంచి మూలుగు వినిపిస్తోంది, ఇప్పుడేం చేస్తారు అని కథ చెప్పేవాళ్ళు అడుగుతారు. వాళ్ళు ఏం చేస్తామంటే కథ అటు నడుస్తుంది. చేసింది ఫలించిందో లేదో తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఒక పూటతో తేలే ఆట కాదు, నెలల తరబడి సాగుతుంది. నోరు మూతపడదు కాబట్టి మా గదిలో కథ చెప్పే ఉద్యోగం నాదే.

ఒక మధ్యాహ్నం వాన ఎడతెరిపి లేకుండా కురుస్తోంది. రెండు మిషన్లూ మూగబోయి ఉన్నాయి. నలుగురూ నాలుగు గోడల వంక చూస్తూ కూర్చున్నారు. నాకు తల ప్రాణం తోకకి వచ్చింది. నాన్న మార్కింగ్ సుద్ద తీసుకుని ఆ ఖాళీ బల్ల మీద కొండలూ, ఒక నదీ, నదికి అవతల కోటా గీశాను. ఆడదాం రండి అన్నాను.

ఎలా గెలుస్తారే ఇందులో అని అత్త అడిగింది. గెలుపూ ఓటమీ ఉండవత్తా, కథ ముందుకు సాగడమే అని చెప్పాను.

"అయితే ఇదేం ఆటే, సంసారంలా ఉంది" అంది అత్త. అంటూనే కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది.

పాచిక నా హాస్టల్ పెట్టెలోనే ఉంది, పావులకి గుండీలు వాడుకున్నాం. అన్నయ్య ఇత్తడి గుండీ ఏరుకుని కత్తివీరుడయ్యాడు. అత్త పెద్ద కోటు గుండీ తీసుకుని, తనకి మోకాళ్ళ నొప్పులని, కాబట్టి మంత్రగత్తె అయినా సరే గుర్రం లేనిదే కదలనని ముందే చెప్పేసింది. వదిన డబ్బాలోని గుండీలన్నిటిలోకీ చిన్నది తీసుకుంది. నువ్వెవరు వదినా అంటే, నీ ఇష్టం అంది. విలుకత్తెని చేశాను. నాన్న తను చూస్తూ కూర్చుంటానన్నాడు. చూసేవాళ్ళకి చోటు లేదని చెప్పి, చేతికి ఒక కొయ్య గుండీ ఇచ్చి, నువ్వు దారులు కొలిచేవాడివి అన్నాను. ఆ మాటకి మాత్రం కాదనలేదు.

దర్జీలతో కథ నడిపించడం అంటే ఏమిటో నాకు ఆ పూటే తెలిసింది. వాళ్ళని గుహ ముందు నిలబెట్టి ఏం చేస్తారని అడిగాను. అన్నయ్య గుహ నోరు వెడల్పెంత అన్నాడు. చెప్పాను. ఎత్తెంత అంది అత్త, గుర్రం పట్టాలి కదా. చెప్పాను. లోపలికి వెళ్ళేకొద్దీ వెడల్పవుతుందా, ఇరుకవుతుందా అని నాన్న అడిగాడు. వెళితే కదా నాన్నా తెలిసేది అన్నాను. తెలియకుండా ఎలా వెళ్తాం అన్నాడు. వదినని అడిగితే, అందరూ ఎలా అంటే అలా అంది. సాయంత్రం దాకా ఆ గుహని ఎన్ని రకాలుగా కొలవాలో అన్ని రకాలుగా కొలిచారు. ఒక్కరు కాలు లోపల పెట్టలేదు.

మర్నాడు వెనక నుంచి తోడేళ్ళని తోలాను. భయపడైనా లోపలికి దూరతారనుకున్నాను. అందరూ చెట్టెక్కి కూర్చున్నారు. గుర్రాన్ని కూడా చెట్టెక్కించడానికి అత్త పాచిక వేసింది, ఎక్కలేదు. ఆ తర్వాతి పూట దారిలో నగల మూట పడేశాను. అన్నయ్య దాన్ని విప్పి చూసి మళ్ళీ కట్టేశాడు. ఎవరిదో ఏమో, వెతుక్కుంటూ వస్తారు అన్నాడు. మిగిలిన ముక్క కూడా గుడ్డ తెచ్చినవాళ్ళదే అన్నది మా కొట్టు ధర్మం, నాన్న చొక్కా కుట్టాక జేబురుమాలంత ముక్కనైనా మడిచి తిరిగిచ్చేవాడు. నలుగురూ కలిసి ఆ మూటని ఒక రాయి మీద, అందరికీ కనబడేలా పెట్టి ముందుకి సాగారు. ముందుకి అంటే గుహలోకి కాదు, పక్కకి.

నాకు ఏడుపొక్కటే తక్కువ. భయపెడితే చెట్టెక్కుతారు, ఆశ పెడితే దణ్ణం పెట్టి వదిలేస్తారు. వీళ్ళని కదిలించేదెలా? హాస్టల్లో పిల్లలకి చెబితే పడీ పడీ నవ్వేవాళ్ళు.

దారి చూపించింది వదినే. వంటగదిలో గిన్నెలు తుడుస్తుంటే, సరదాకి అడుగుతున్నట్టు, నీ విలుకత్తెకి అసలేం కావాలి వదినా అన్నాను. నీ ఇష్టం అనేస్తుందనుకున్నాను.

"ఆవిడకి ముందు నడవాలనుంటుంది" అంది గిన్నె వంక చూస్తూనే. "కానీ నన్నెప్పుడూ ఆఖర్న అడుగుతావు. అప్పటికి అందరూ చెప్పెయ్యడం అయిపోతుంది."

నిజమే కదా. బల్ల చుట్టూ కుడి నుంచి మొదలుపెట్టి వరసగా అడుక్కుంటూ పోతే వదిన చివర్న వచ్చేది. బల్ల దగ్గరే కాదు, ఆ ఇంట్లో ఏ విషయానికైనా అంతే. నాకు సిగ్గేసింది. ఆ మధ్యాహ్నం మొట్టమొదట ఆమెనే అడిగాను. వదిన నోరు తెరిచేలోగా అన్నయ్య, నువ్వలా చెట్టు వెనకాల నిలబడు అని చెప్పబోయాడు. కథలో నీకు గొంతు పట్టేసిందని చెప్పి వాడి నోరు మూయించాను. వదిన ఒక్క నిమిషం ఇత్తడి గుండీ వంకా, తన చిన్న గుండీ వంకా చూసింది. ఆ గుండీని వేలితో తోసుకుంటూ తీసుకెళ్ళి గుహలో పెట్టింది. బాణానికి నిప్పు అంటించి ముందుకి వదులుతున్నాను, ఆ వెలుతురులో నడుస్తాను అంది. అన్నయ్య పెళ్ళాం వంక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

ఆ కిటుకు దొరికాక నాకు ఉత్సాహం ఎక్కువైంది. ఒక్కొక్కళ్ళకీ ఏం కావాలో దొంగచాటుగా గమనించడం మొదలుపెట్టాను. అత్తకి సాకడానికి ఏదో ఒకటి ఉండాలి. రెక్క విరిగిన పెద్దబాతుని ఆమె దారిలో పడేశాను. ఇక చూడాలి, ఆ బాతుకి మందు తేవడం కోసం అత్త మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి పాముల లోయలోకి గుర్రం దిగి నడిచింది. అన్నయ్యకి పోటీ ఉండాలి. వెండి డాలు వీరుడొకణ్ణి పుట్టించాను. వాడు ప్రతి చోటికీ వీళ్ళ కన్నా ఓ ఘడియ ముందే చేరి, "ఇంకా కొలుస్తూనే ఉన్నారా?" అని రాతి మీద రాసి పోతుండేవాడు. అన్నయ్య పళ్ళు నూరుతూ పరుగెత్తేవాడు. మధ్యాహ్నం అన్నాలయ్యీ అవ్వగానే, ఏమే మొదలుపెట్టవేం అని అత్తే పిలిచేది. వాన వెలుస్తుందేమోనని అందరం కిటికీలోంచి దిగులుగా చూసేవాళ్ళం. ఆ నాలుగు వారాలూ ఆ కొట్టు ఎంత కళకళలాడిందో చెప్పలేను.

నాన్న మాత్రం కదల్లేదు. ఏమడిగినా, మీరు పదండి, నేను వెనకాల వస్తా అనేవాడు. కొయ్య గుండీ అందరి వెనకాలా పడి నది దాటింది, లోయ దాటింది. పాచిక చేతికిస్తే పక్కనున్న వదినకి ఇచ్చి, నువ్వు వెయ్యమ్మా అనేవాడు. ఆయనకి ఏం కావాలో కనిపెట్టడం నా వల్ల కాలేదు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, బల్ల మీదకి ఎలా తేవాలో తెలియలేదు.

ఆ వారమే ఫ్యాక్టరీ వాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది. వచ్చే సోమవారం చేరాలి. రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య తల వంచుకుని ఆ మాట చెప్పాడు. సూపర్వైజరంటే మంచి ఉద్యోగమే అన్నాడు నాన్న. ఇంకేమీ అనలేదు. నీళ్ళ గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా పెద్దగా వినిపించింది.

మర్నాడు ఎవరికీ ఆడాలని లేదు. నేనే బలవంతంగా కూర్చోబెట్టాను. కొండ కనుమ దగ్గర పెద్ద యుద్ధం పెట్టుకున్నాను ఆ పూటకి. కనుమకి అడ్డంగా రాక్షసుడు కూర్చుని ఉన్నాడు, వాడి అరుపుకి కొండరాళ్ళు దొర్లుతున్నాయి అని నా శక్తి కొద్దీ భయపెట్టాను. అన్నయ్య కత్తి దూశాడు. వదిన బాణం ఎక్కుపెట్టింది. అత్త బాతుని వెనక్కి పంపేసింది.

"ఎందుకరుస్తున్నాడు?" అన్నాడు నాన్న.

రాక్షసుడు అరవడానికి కారణం కూడా ఉంటుందని నేను ఆలోచించి పెట్టుకోలేదు. బయట ఈదురుగాలి కొడుతోంది. నోటికొచ్చింది అనేశాను.

"చలికి."

"ఒంటి మీద ఏముంది?"

"గోనెసంచులు. అవి కూడా చిరుగులే."

నాన్న బల్ల మీది కనుమ వైపు వంగి చూశాడు. అంత ఒళ్ళు ఉన్నవాడికి ఎవరు కుడతారు పాపం అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తను. కొయ్య గుండీని అందరి ముందుకీ జరిపాడు. నాకో నిచ్చెన కావాలి, కొలతలు తీసుకుంటా అన్నాడు. రాక్షసుడు తీసుకోనిస్తాడో లేదో పాచిక వెయ్యాలి నాన్నా అన్నాను. ఈసారి వదినకి ఇవ్వలేదు. తనే వేశాడు. ఎంత పడిందో నేను సరిగ్గా చూడను కూడా లేదు, ఒప్పుకున్నాడు అని చెప్పేశాను.

ఛాతీ ఎంత, భుజమెంత, మెడ ఎంత అని ఒక్కొక్కటే అడిగాడు. నేను తోచిన అంకెలు చెబుతుంటే, అంత మెడకి ఆ భుజం కుదరదమ్మా, మళ్ళీ చూడు అని దిద్దాడు. కొలతలన్నీ అయ్యాయి, చేతుల దగ్గరికి వచ్చేసరికి ఎవరికి వాళ్ళం బిర్రబిగుసుకుపోయాం. అన్నయ్య పాచికని అటూ ఇటూ తిప్పుతున్నాడు. నేను ఆ మాట దాటేసి జేబుల సంగతి ఎత్తాను.

"చేతులు వదిలేశావేం?" అన్నాడు నాన్న. "రెండు పెడదాం. ఒకటి కుడిది, ఒకటి ఎడమది. వీడికైనా సరిగ్గా పెట్టకపోతే నన్ను నమిలి మింగేస్తాడు."

ముందు అత్త నవ్వింది. ఆ తర్వాత కళ్ళొత్తుకుంటూ నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. ఎన్నాళ్ళకి.

నవ్వులాగాక అటక మీద పాత న్యూస్ పేపర్లున్నాయి, పట్రా అన్నాడు. నేలంతా పరిచి, బంకతో అతికించి, కోటు గీశాం. సగం కోటుకే కొట్టు నిండిపోయింది, మిషన్లు గోడకి జరపాల్సొచ్చింది. గీత గీశాక నాన్న లేచి మేకు దగ్గరికి వెళ్ళి కత్తెర తీశాడు. నేను ఆగకుండా కథ చెబుతూనే ఉన్నాను. రాక్షసుడు కదలకుండా నిలబడ్డాడు, గాలి తగ్గింది, దూరంగా గొర్రెల గంటలు వినిపిస్తున్నాయి అంటూ నాకే అర్థం కాని మాటలు ఏవేవో చెప్పాను. మాటలాగితే ఆయన మేమంతా చూస్తున్నామని గమనిస్తాడేమోనని నా భయం. కాగితం కరకరా తెగుతుంటే అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుని అంచులు పట్టుకున్నాడు.

గండం గడిచిందనుకున్నాం. మర్నాడు పొద్దున కిందికి దిగి చూస్తే కత్తెర మళ్ళీ మేకుకే ఉంది. నాన్న కుర్చీలో కూర్చుని గుండీలు కుడుతున్నాడు. ప్యాంటు గుడ్డ తెచ్చినాయన్ని, వానలు తగ్గాక రండి అని పంపించేశాడు. నేను ఉండబట్టలేక, నిన్న అంత బాగా కత్తిరించావు కదా నాన్నా అన్నాను.

"కాగితం తప్పుపోతే పొట్లం కట్టుకోవచ్చమ్మా" అన్నాడు.

ఆదివారం దాకా అంతే. ఆదివారం పొద్దున అన్నయ్య కొట్లో సామాన్లు సర్దడం మొదలుపెట్టాడు. బాబిన్లన్నీ ఒక డబ్బాలో వేశాడు, మిషన్ల మీద దుప్పట్లు కప్పాడు. వదిన రేపటికి వాడి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. మోచేతి దగ్గర పలచబడిపోయిన తెల్ల చొక్కా అది. నాన్న దాని వంకే చూస్తున్నాడు.

కొత్త ఉద్యోగానికి ఆ చొక్కాతోనా వెళ్ళేది అన్నాడు. అదే బాగుంది, ఇంకోటి ఎందుకన్నాడు అన్నయ్య. నాన్న వినలేదు. బీరువా తెరిచి నీలం గుడ్డ తాను తీశాడు. అన్నయ్యని పిలిచి గుమ్మం వెలుతురులో నిలబెట్టాడు. తన కొడుక్కి ఆయన కొలతలు తీసుకోగా నేను చూసి ఎన్నేళ్ళయిందో. టేపు భుజం మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"కుడి భుజం దిగిపోయిందిరా" అన్నాడు. "ఎప్పట్నుంచి?"

మిషను మీద వంగీ వంగీ అలా అయిందన్నాడు అన్నయ్య. నాన్న ఆ భుజాన్ని అరచేత్తో ఒకసారి నిమిరాడు. బల్ల దగ్గరికి వచ్చాడు. బల్ల నిండా కొండలూ, లోయలూ, నదీ. నెల రోజులుగా ఎవరం తుడవలేదు, తుడవాల్సిన అవసరమూ రాలేదు.

"మీ రాజ్యం తుడిచెయ్యొచ్చా?" అని నన్నడిగాడు.

తల ఊపాను. మరి నా బాతెక్కడుండాలి అంది అత్త. గుండీలన్నీ ఏరి ఆమె ఒళ్ళో పోశాను. నాన్న తడిగుడ్డతో కోట తుడిచాడు, కనుమ తుడిచాడు, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచాడు. నీలం గుడ్డ పరిచాడు. వీపు కత్తిరించాడు, ముందు భాగాలు కత్తిరించాడు, కాలరు కత్తిరించాడు. మెల్లగానే, కానీ ఆగకుండా. చేతుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. గుడ్డ మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ పెట్టాడు. కత్తెర తెరుచుకుని గుడ్డ అంచు దగ్గర అలాగే నిలిచిపోయింది. ఆయన నుదుటి మీద చెమట నాకు కనబడుతోంది. కాలు గుహలో పెట్టలేక నిలబడ్డ మనిషిని ఆ నెలంతా చూశాను కదా, ఆ నిలబడటం నాకు బాగా తెలుసు. వెనక నుంచి తోస్తే లాభం లేదని కూడా తెలుసు. నోరు కుట్టేసుకుని నిలబడ్డాను.

నాన్న మా అందరి వంకా చూసి, ఇస్త్రీ పెట్టె పక్కనున్న వదిన దగ్గర ఆగాడు.

"అమ్మాయ్, ఇలా రా. సరిగ్గా పడుతుందంటావా?"

వదిన వచ్చింది. ఇలాంటి చోట ఆమె ఏమంటుందో మాకందరికీ తెలుసు. మీ ఇష్టం మావయ్యగారూ అంటుంది. అందనుకోండి, ఆయన కత్తెర కింద పెట్టేస్తాడు. వదిన మడత విప్పి చూసింది. రెండు పొరల మధ్యా వేలు పెట్టి గుడ్డ నిగారింపు ఏ పక్కనుందో తడిమి చూసింది. మడత మళ్ళీ వేసింది.

"ఒకటి కుడిది, ఒకటి ఎడమది మావయ్యగారూ. కత్తిరించండి" అంది.

ఆయన కత్తిరించాడు.

చొక్కా అన్నయ్య చేత కుట్టించలేదు. దుప్పటి తీసి వదిన మిషను మీద కూర్చుంది. కాజాలు అత్త తీసింది. దీపాలు పెట్టే వేళకి చొక్కా అయిపోయింది. అన్నయ్య వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. దిగిన భుజం దిగినట్టే కనబడలేదు, నాన్న ఆ పక్క గుడ్డలో ఏదో సర్దాడు. బాగుంది నాన్నా అన్నాడు. బాగానే ఉంది అన్నాడు నాన్న. ఇక ఆ మాట అనుకుంటారేమో అని నేనూ అత్తా చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. వెళ్ళకురా అని ఈయన అనడు. వెళ్ళనా వద్దా అని వాడు అడగడు. ఇద్దరూ అన్నం తిని ఎవరి గదుల్లోకి వాళ్ళు వెళ్ళి పడుకున్నారు. అత్త దుప్పటి ముసుగేసుకుని ఇద్దర్నీ కలిపి తిట్టుకుంది.

సోమవారం పొద్దున వాన లేదు. అన్నయ్య నీలం చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరాడు. వీధి మలుపు తిరిగేదాకా వదిన గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి వచ్చి, పనేమీ లేకపోయినా ఊడ్చిన నేలే మళ్ళీ ఊడ్చింది. నాన్న మేకు మీంచి కత్తెర తీశాడు. బీరువాలో ఆ నెలంతా వద్దనలేక పక్కన పెట్టిన గుడ్డలు రెండో మూడో ఉన్నాయి, అవి బల్ల మీద పరిచాడు. ఎవరి వంకా చూడకుండా పనిలో పడ్డాడు. నాకు కోపం వచ్చింది. ఈ కత్తెర పట్టడమేదో నిన్న వాడి ముందు, నోరు తెరిచి చెప్పి పట్టుకోవచ్చు కదా అనుకున్నాను. పైకి వెళ్ళి మంచం మీద పడి ఏడ్చాను.

ఇంకా పొద్దెక్కకుండానే కింద వదిన గొంతు వినిపించింది. నా పేరు పెట్టి కాదు, ఎవర్నీ పిలుస్తున్నట్టు లేదు, ఊరికే ఏదో అంది. గబగబా దిగాను.

అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో డబ్బా అలాగే ఉంది. సైరన్ మోగేదాకా గేటు బయటే నిలబడ్డానని, కాళ్ళు లోపలికి పోలేదని, మీరేమనుకుంటే అది అనుకోండని గబగబా చెప్పాడు. తిట్టించుకోవడానికి సిద్ధపడి వచ్చినవాడిలా ఉన్నాడు. నాన్న బల్ల మీంచి తల ఎత్తలేదు. అన్నయ్య ఒక్క క్షణం అక్కడే ఆగి, తన మిషను వైపు నడిచి, దాని ముందు నిలబడిపోయాడు.

మిషను మీద దుప్పటి లేదు. దారం ఎక్కించి ఉంది. పక్కన స్టూలు మీద కత్తిరించిన గుడ్డలు దొంతరగా పేర్చి ఉన్నాయి, రెండు చొక్కాలు, ఒక ప్యాంటు, వరస ప్రకారం, పైన వీపు ముక్కలతో సహా. వాడు అలా వెళ్ళిన దగ్గర్నుంచీ ఆయన చేసిన పని అది. వాడు వస్తాడని ఆయనకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

"చొక్కాలు రెండూ సాయంత్రానికి కావాలి" అన్నాడు నాన్న, కత్తెర ఆపకుండా. "ప్యాంటు నీ వల్ల కాకపోతే వదిలెయ్. రేపట్నుంచి ఇటు వచ్చి నా పక్కన నిలబడు, కత్తిరించడం నేర్చుకుందువు గానీ."

అన్నయ్య కూర్చున్నాడు. కుడి చేత్తో చక్రం తిప్పబోయి, ముందు మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. కొత్త చొక్కా చెయ్యి తడిసిపోయింది. వదిన డబ్బా అందుకుని మూత తీసి, అన్నం ఇంకా వేడిగానే ఉంది అంది.